స్విఫ్ట్‌లో ఇంజిన్ లైటు, మిస్ కొట్టడం: ఈసీఎం మార్చే ముందు రెండో సిలిండర్ కాయిల్ చూడండి

నరసరావుపేట నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 2014 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్, లక్షా పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. పది పదిహేను కిలోమీటర్లు వెళ్లాక ఆగిన చోటల్లా బండి వణుకుతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. కోటప్పకొండ ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ ఉండదు, పసుపు రంగు ఇంజిన్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. స్కానింగ్ పెడితే పీ0302, పీ0171 అని రెండు కోడ్లు వచ్చాయి. ముందు నాలుగు ప్లగ్గులు మార్చారు, రెండు రోజులు బాగుంది, మళ్లీ మొదలైంది. తర్వాత ఆక్సిజన్ సెన్సర్ మార్చారు, తేడా లేదు. ఇప్పుడు ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పోయింది, కొత్తది వేయాలంటున్నారు. వేయించాలా?

వేయించకండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా పెట్రోల్ బండ్ల పనే చేస్తున్నాను. మిస్ కొడుతోందని, అంటే ఏదో సిలిండర్ మండకుండా తప్పుతోందని వచ్చిన బండ్లలో నిజంగా ఈసీఎం పోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీరు చెప్పిన లక్షణాలు చదువుతుంటే నా చూపు రెండో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులో నిప్పు రావడానికి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే పార్టు) మీదకి, అది కూర్చునే గుంతలోకి పోతోంది. కానీ నేను ఇక్కడ కూర్చుని కాయిల్ మార్చేయమని చెబితే మీ మెకానిక్ చేసిన పనే నేనూ చేసినట్టు. మీ దగ్గరే, పెద్ద ఖర్చు లేకుండా, ఒక పూటలో తేల్చుకునే దారి ఉంది. అది చెబుతాను.

ముందు ఒక జాగ్రత్త. లైటు నిలకడగా వెలగడం వేరు, వెలుగుతూ ఆరుతూ ఉండడం వేరు. నిలకడగా ఉంటే లోపం నమోదైంది, నెమ్మదిగా షెడ్డు దాకా వెళ్లొచ్చు. వెలుగుతూ ఆరుతూ ఉందంటే ఆ క్షణాన పెట్రోల్ మండకుండా సైలెన్సర్‌లోకి పోతోందని అర్థం. అది పోయి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. లోపల తేనెపట్టులా ఉండే పింగాణీ దిమ్మ ఆ వేడికి కరిగి మూసుకుపోతుంది. అప్పుడు కాయిల్‌తో పోయే ఖర్చు పదింతలు అవుతుంది. కాబట్టి ఘాట్ మీద అలా వెలుగుతుంటే యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించండి, ఏసీ ఆపండి, లైటు నిలకడగా మారకపోతే పక్కన ఆపేయండి. ఈ పని తేలేదాకా కొండ ఎక్కించకండి. ఎర్ర రంగు ఆయిల్ లైటు, టెంపరేచర్ లైటు వేరే సంగతి. అవి వస్తే వెంటనే ఇంజిన్ ఆపడమే.

ఇక కోడ్ల సంగతి. పీ0302 అంటే రెండో సిలిండర్ మిస్‌ఫైర్. ఈ మాట ఈసీఎం ఎలా చెప్పగలిగిందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. సిలిండర్ లోపలికి తొంగి చూసే సెన్సర్ ఏదీ లేదు. క్రాంక్ సెన్సర్ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరిగే వేగాన్ని కొలుస్తుంది, అంతే. మీది నాలుగు సిలిండర్ల ఇంజిన్. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు, 800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఉంటే నాలుగూ కలిపి నిమిషానికి 1600 సార్లు, అంటే సెకనుకి దాదాపు 27 సార్లు మండుతాయి. మండిన ప్రతిసారీ క్రాంక్ కొంచెం ముందుకి తోసుకుంటుంది. రెండో సిలిండర్ వంతు వచ్చినప్పుడు ఆ తోపు రాకపోతే క్రాంక్ వెనకబడుతుంది. అది పదే పదే జరిగితే ఈసీఎం పీ0302 రాస్తుంది. అంటే అది చెప్పేది ‘రెండో సిలిండర్ పని చేయడం లేదు’ అని మాత్రమే. ఎందుకు చేయడం లేదో చెప్పదు. ప్లగ్గా, కాయిలా, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టరా, వాల్వా, వైరా అన్నది మనమే తేల్చాలి.

పీ0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. మిమ్మల్ని దారి తప్పించింది ఇదేనని నా అనుమానం. ఆక్సిజన్ సెన్సర్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని మాత్రమే లెక్కపెడుతుంది, మండని పెట్రోల్‌ని చూడదు. రెండో సిలిండర్‌లో నిప్పు పడకపోతే అందులోకి పీల్చుకున్న గాలి, పెట్రోల్ రెండూ మండకుండానే బయటికొస్తాయి. సెన్సర్‌కి కనిపించేది ఆ గాలిలోని ఆక్సిజన్. దాంతో ‘పెట్రోల్ సరిపోవడం లేదు’ అని చెబుతుంది. ఈసీఎం ఆ మాట నమ్మి నాలుగు సిలిండర్లకీ పెట్రోల్ పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన వస్తుంది, కోడ్ మాత్రం ‘పెట్రోల్ తక్కువ’ అనే ఉంటుంది. కొత్త సెన్సర్ వేసినా అదే చెబుతుంది, ఎందుకంటే పాతది అబద్ధం చెప్పలేదు. అందుకే రెండు కోడ్లు కలిసి వస్తే ముందు మిస్‌ఫైర్‌ని తేల్చాలి. అది పోతే రెండోది చాలాసార్లు దానంతట అదే పోతుంది.

ఈ పాఠం నాకు ఒక కస్టమర్ డబ్బుతో వచ్చింది. చాలా ఏళ్ల క్రితం ఒకాయన ఇదే రెండు కోడ్లతో బండి తెస్తే నేనూ సెన్సరే మార్చాను. వారం తిరక్కుండా ఆయన అదే లైటుతో వచ్చి నిలబడ్డారు. డబ్బులు తిరిగిచ్చాను గానీ ఆ రోజు ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి పరీక్ష చేయకుండా నా షెడ్డులో ఏ పార్టూ విప్పనివ్వను.

మీ లక్షణాలు ఒక్కొక్కటీ చూద్దాం. చల్లగా ఉన్నప్పుడు బాగుంది, వేడెక్కాక పాడవుతోంది. కాయిల్ లోపల వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి దాని పూత దెబ్బతింటే చల్లగా ఉన్నంతసేపు పని చేస్తుంది, కాగిన తర్వాత లోపలే షార్ట్ అవుతుంది. ఘాట్ మీద ఎక్కువవుతోంది. లోడు పడినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అంత ఒత్తిడిలో ప్లగ్గు కొనల మధ్య నిప్పు దూకాలంటే ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. నీరసపడిన కాయిల్ సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తుంది. ప్లగ్గులు మార్చగానే రెండు రోజులు బాగుంది. కొత్త ప్లగ్గు కొనలు పదునుగా, గ్యాప్ సరిగ్గా ఉంటాయి కాబట్టి తక్కువ వోల్టేజీకే నిప్పు దూకుతుంది, కాయిల్ మీద భారం తగ్గుతుంది. ఆ రెండు రోజుల ఉపశమనం నా దృష్టిలో పెద్ద ఆధారం. గాలి లీకేజీ అయితే దీనికి తలకిందులుగా ఉంటుంది. ఐడ్లింగ్‌లో బాగా వణుకుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే సర్దుకుంటుంది.

సరే, ఇప్పుడు పరీక్ష. మొదటి మాట: కోడ్లు చెరిపేయకండి, బ్యాటరీ టెర్మినల్ పీకకండి. కోడ్ పడిన క్షణాన ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎంత ఆర్‌పీఎంలో ఉంది, ఎంత లోడు మీద ఉంది, బండి ఎంత వేగంలో ఉందన్నది ఈసీఎం ఫొటో తీసినట్టు దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. టెర్మినల్ పీకితే అదంతా పోతుంది. స్కానింగ్ పెట్టినప్పుడు మీ మెకానిక్ ఆ పేజీ తెరిచి చూశారా అని అడగండి. మన దేశంలో బండి తన లోపాలని కోడ్లుగా చెప్పే ఓబీడీ-2 పద్ధతి 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది, కాబట్టి మీ 2014 బండికి ఆ సౌకర్యం ఉండాలి. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్ ఒకటి కొనుక్కున్నా ఈ వివరాలు చాలావరకు మీకే కనిపిస్తాయి. మరీ చవక రకాలు కొన్ని సరిగ్గా కలవవు, తిరిగి ఇచ్చే వీలున్న చోట కొనండి.

రాత్రంతా ఆగిన బండి మీద, పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగా మొదలుపెట్టండి. సిలిండర్ల లెక్క బెల్టు ఉన్న వైపు నుంచి. బెల్టు వైపుది ఒకటి, దాని పక్కది రెండు. ఇగ్నిషన్ ఆపి, రెండో కాయిల్ వైరు సాకెట్ నొక్కి తీయండి. పాతబడిన ప్లాస్టిక్ లాక్ పుటుక్కున విరుగుతుంది, బలంగా లాగొద్దు. ఒక బోల్టు విప్పితే కాయిల్ కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ పైకి వస్తుంది.

దాన్ని వెలుతురులోకి తెచ్చి చూడండి. కింద ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు గొట్టం మెత్తగా, పొడిగా ఉండాలి. నూనెతో జిగటగా ఉబ్బి ఉంటే టాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) ప్యాకింగ్‌తో పాటు ఉండే ప్లగ్గు గుంత సీళ్లు గట్టిపడి ఆయిల్ దిగుతోందన్నమాట. లక్ష దాటిన బండ్లలో ఇది మామూలే. టార్చి వేసి గుంతలోకి చూస్తే అడుగున ఆయిల్ నిలిచి నల్లగా మెరుస్తుంది. అందులో నానిన రబ్బరు పాడై నిప్పు ప్లగ్గు కొనకి పోకుండా పక్కనున్న లోహానికి దూకుతుంది. ఆ గుర్తు కూడా కనిపిస్తుంది. రబ్బరు లోపలి గోడ మీద గానీ, ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద గానీ పెన్సిల్‌తో నిలువుగా గీసినట్టు సన్నని నల్ల గీత ఉంటుంది. గోరుతో గీకినా పోదు. ఆ గీత ఉంటే ప్లగ్గు, రబ్బరు రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతదాని మీది గీత కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది. పింగాణీ, ఇనుము కలిసే చోట చుట్టూ లేత గోధుమ రంగు మరక కనిపిస్తే మాత్రం భయపడకండి, అది మామూలే.

ఆయిల్ కాకుండా తుప్పు, నీటి మరక కనిపిస్తే ఈ మధ్య సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద ప్రెషర్ పంపుతో నీళ్లు కొట్టించారా గుర్తు తెచ్చుకోండి. ఇంజిన్ తళతళలాడాలని అడిగి మరీ కొట్టించుకునేవాళ్లు ఉన్నారు. ఆ నీళ్లు గుంతల్లో నిలిచి వారం తర్వాత మిస్ మొదలవుతుంది. దయచేసి కొట్టించకండి.

ఇప్పుడు అసలు పరీక్ష, పైసా ఖర్చు లేనిది. రెండో కాయిల్ తీసి మూడో సిలిండర్‌లో పెట్టండి, మూడోది రెండో దాంట్లో పెట్టండి. ప్లగ్గులు కదపొద్దు. ఒకేసారి రెండు మారిస్తే దేనివల్ల మారిందో తెలియదు. ఇప్పుడు ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు ఫొటో తీసుకుని, కోడ్లు చెరిపి, బండి కాగేదాకా ఊళ్లోనే పది పదిహేను కిలోమీటర్లు తిప్పండి, ఏసీ వేయండి. మళ్లీ స్కాన్ చేయండి. పీ0302 పోయి పీ0303 వస్తే దోషం కాయిల్‌తో పాటు నడిచింది. తేలిపోయింది, కాయిల్ మార్చండి. మళ్లీ పీ0302 వస్తే కాయిల్ నిర్దోషి, దాన్ని వదిలేయండి. మిస్‌ఫైర్ కోడ్ చాలాసార్లు మొదటి ప్రయాణంలో పెండింగ్‌గా ఉండి, రెండో ప్రయాణంలోనూ కనబడితేనే లైటు వెలిగిస్తుంది. అందుకే లైటు రాలేదని ఆగిపోకుండా పెండింగ్ కోడ్ల పేజీ తెరిచి చూడండి.

మల్టీమీటర్‌తో కాయిల్ ఓమ్స్ చూసి బాగుందన్నారంటే ఆ మాట మీద ఆధారపడొద్దు. లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉన్న కాయిల్‌కి ఆ కొలత పనికిరాదు. పైగా చల్లటి కాయిల్‌ని బల్ల మీద కొలిస్తే కాగినప్పుడు వచ్చే లోపం ఎలా కనిపిస్తుంది? ఇంకొకటి. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పైకి పీకి నిప్పు పడుతోందా అని చూపించే అలవాటు కొందరికి ఉంది. ఆ వోల్టేజీ వేలల్లో ఉంటుంది, దగ్గర్లో పెట్రోల్ ఆవిరి ఉంటుంది. దారి దొరకని కరెంటు బాగున్న కాయిల్‌ని కూడా దెబ్బతీస్తుంది. అలా చేయనివ్వకండి.

కాయిల్ కాదని తేలితే ప్లగ్గు విప్పి చూడండి. బండి మిస్ కొడుతుండగా ఆపి, ఇంజిన్ తలకాయ (హెడ్) చల్లారాక విప్పాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్ మరలు ఊడిపోయే ప్రమాదం ఉంది. రెండో ప్లగ్గు కొన తడిగా, పెట్రోల్ వాసనతో ఉంటే పెట్రోల్ వస్తోంది, నిప్పు లేదు. పొడిగా, మిగతా మూడింటికంటే తెల్లగా ఉంటే నిప్పు ఉంది, పెట్రోల్ లేదు, అప్పుడు ఇంజెక్టర్ వైపు చూడాలి. ఈ ఒక్క చూపు సగం పని తగ్గిస్తుంది. మీ కొత్త ప్లగ్గుల మీద కూడా నాకు చిన్న అనుమానం ఉంది. మార్కెట్‌లో డూప్లికేట్ ప్లగ్గులు ఎక్కువ, చేతిలోంచి కిందపడిన ప్లగ్గుకి పైకి కనిపించని పగులు ఉండొచ్చు. రెండో ప్లగ్గుని నాలుగోదానితో మార్చి చూడండి, అదే పద్ధతి.

ఇంజెక్టర్ వైపు వస్తే ముందు దాని వైరు చూడండి. మన ఊళ్లలో ఇది చాలా పెద్ద కారణం, ఎలుకలు. వానాకాలంలో వెచ్చదనం కోసం ఇంజిన్ మీదకెక్కి వైర్లు కొరుకుతాయి. ఒకసారి మా దగ్గరికి వచ్చిన బండిలో ఇంజెక్టర్ వైరుని ఎలుక పూర్తిగా తెంపకుండా కొరికి వదిలేసింది, లోపల రాగి పోగులు ఏడింటిలో రెండు మిగిలాయి. ఐడ్లింగ్‌లో బాగుంటుంది, గేరు మార్చి ఇంజిన్ కదిలినప్పుడల్లా మిస్. రెండు రోజులు వెతికి చివరికి ఒక్కొక్క వైరూ వేలితో తడుముకుంటూ పోతే దొరికింది. ఇంజిన్ నడుస్తుండగా రెండో ఇంజెక్టర్, కాయిల్ వైర్ల జడని మెల్లగా అటూ ఇటూ కదపండి, బెల్టుకీ ఫ్యానుకీ చేతులు దూరంగా పెట్టుకుని. కదిపినప్పుడు శబ్దం మారితే అక్కడే ఆగండి. వైరు బాగుంటే పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజెక్టర్ మీద పెట్టి పిడి చెవికి ఆనించుకోండి. నాలుగూ టిక్ టిక్ అని ఒకేలా వినిపించాలి. రెండోది మూగగా ఉన్నా, శబ్దం బండగా ఉన్నా అప్పుడు ఇంజెక్టర్ తీసి స్ప్రే చూపించే మెషీన్ మీద పరీక్షించాలి. ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు కొనమంటే ఈ దశలో వద్దు. మీ లోపం ఒక్కదానిలోనే ఉంది.

నిప్పూ పెట్రోలూ రెండూ బాగున్నాయంటే మిగిలింది కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకున్నప్పుడు వచ్చే ఒత్తిడి. నాలుగు సిలిండర్లూ కొలవాలి, విడిగా ఒక్క అంకెకి అర్థం లేదు. అన్నిటికంటే తక్కువది, అన్నిటికంటే ఎక్కువదానిలో ముప్పావు వంతు కంటే తగ్గకూడదు. రెండోది తగ్గితే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ ప్యాకింగ్. మీ బండికి తర్వాత సీఎన్‌జీ కిట్ వేయించి ఉంటే ఈ పరీక్ష ముందుకి జరపండి. సీఎన్‌జీ మీద ఎక్కువ తిరిగిన ఇంజిన్లలో వాల్వ్ సీట్లు అరిగి, టాపెట్ గ్యాప్ బిగుసుకుపోయి, వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. అచ్చం మీరు చెప్పినట్టే కాగిన తర్వాతే మిస్ కొడుతుంది. ప్రశ్నలో మీరు కిట్ గురించి రాయలేదు కాబట్టి లేదనుకుంటున్నాను.

పీ0171 గురించి ఒక మాట మిగిలింది. మిస్‌ఫైర్ పోయాక కూడా ఆ కోడ్ మళ్లీ వస్తే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకెలు చూడండి. షార్ట్, లాంగ్ అని రెండు ఉంటాయి, రెండూ కూడండి. ప్లస్ అంటే ఈసీఎం పెట్రోల్ పెంచుతోందని. సున్నాకి పది అటూ ఇటూ ఉంటే మామూలు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు. పాత పెట్రోల్‌కి కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, దీనికి దాదాపు 13.5 చాలు. పాత లెక్క మీద నడిచే బండి ఆ తేడాని పూడ్చుకోవడానికి ట్రిమ్‌ని కొన్ని శాతం ప్లస్‌కి జరుపుతుంది. కాబట్టి ప్లస్ ఆరు, ఏడు చూసి కంగారుపడొద్దు. ప్లస్ ఇరవై, ఇరవై అయిదు అయితేనే వెతకాలి.

ఆ వెతుకులాటకి కూడా ఒక సులువు ఉంది. ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎంలో నిలిపి ఒకసారి ట్రిమ్ చూడండి. ఐడ్లింగ్‌లో బాగా ప్లస్ ఉండి, 2500లో తగ్గిపోతే ఎక్కడో గాలి లీకవుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, అందులో చిన్న చిల్లు కూడా పెద్ద వాటా తీసుకుంటుంది. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి పీల్చేది), బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలి లోపలికెళ్లే దారి) ప్యాకింగ్ ఈ వరసలో చూడండి. గొట్టాలని పైనుంచి చూస్తే బాగుంటాయి, పగులు ఎప్పుడూ కింది వంపులో, క్లిప్పు కిందే ఉంటుంది. విప్పి, వంచి చూడాలి. ఐడ్లింగ్‌లో బాగుండి, తొక్కిన కొద్దీ ప్లస్ పెరుగుతుంటే పెట్రోల్ చాలడం లేదు. పంపు నీరసపడిందో, ట్యాంకులోని ఫిల్టర్ మూసుకుపోయిందో చూడాలి. రెండు చోట్లా ఎక్కువ ఉంటే ఫ్యూయల్ ప్రెషర్ కొలిపించాలి.

లోపం మొదలైంది ఏదైనా బంకులో ట్యాంకు నింపిన రోజు నుంచేనా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. అయితే అప్పుడు ఒక్క సిలిండర్ కోడ్ కాకుండా సాధారణంగా పీ0300 వస్తుంది, అంటే ఏ సిలిండర్ అన్నది నిలకడ లేని మిస్. మీకు వచ్చింది ఒకే సిలిండర్ కాబట్టి పెట్రోల్ మీద నాకు పెద్దగా అనుమానం లేదు. ఎప్పుడైనా అనుమానం వస్తే బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగడం మీ హక్కు. కాగితం మీద వేసిన పెట్రోల్ చుక్క మరక లేకుండా ఆరిపోవాలి.

ఇదే ఇబ్బందితో చదువుతున్న ఇంకొందరికి: పొద్దున చల్లగా ఉన్నప్పుడే వణికి, కాగాక సర్దుకునే బండ్లకి నేను పైన చెప్పిన కాయిల్ కథ వర్తించదు. వాటిలో గాలి లీకేజీ, మురికి పట్టిన థ్రాటిల్ బాడీ, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ ముందు చూడాలి. ట్యాంకు నింపిన వెంటనే స్టార్ట్ అవడానికి ఇబ్బందిపడి, కాసేపు వణికితే ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు చూడాలి. లైటే లేకుండా వణుకు మాత్రమే ఉంటే సైలెన్సర్ దగ్గర ఒక కాగితం పట్టుకోండి. పొగ ఒకే తాళంలో తోస్తుంటే ఇంజిన్ బాగానే ఉంది, కింద రబ్బరు మౌంటింగ్ పోయింది. మధ్యమధ్యలో తాళం తప్పి కాగితం లోపలికి పీల్చుకున్నట్టు కదిలితే మిస్ కొడుతోంది.

మళ్లీ మీ ఈసీఎం దగ్గరికి. పై పరీక్షలన్నీ అయ్యాక కూడా రెండో కాయిల్ సాకెట్‌కి ఈసీఎం నుంచి సిగ్నల్ రావడం లేదని తేలితే, ఆ సాకెట్ నుంచి ఈసీఎం పిన్ను దాకా వైరు తెగలేదని కొలిచి చూపిస్తే, ఎర్తు వైర్లు బాగుండి ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర వోల్టులు వస్తుంటే, అప్పుడు ఈసీఎం మాట ఎత్తొచ్చు. మీ బండికి ఆ కేసు సరిపోదు. ఈసీఎం లోపల ఆ సిలిండర్ సర్క్యూట్ పోతే పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఎలా నడుస్తుంది? వేడికి వచ్చే లోపం అందులోనూ ఉండొచ్చు, కాదనను. కానీ ఈసీఎం కంటే కాయిల్ ఇంజిన్ తలకాయ మీద నేరుగా కూర్చుంటుంది, దానికే వేడి ఎక్కువ. పైగా వేరే బండిలోంచి తెచ్చిన ఈసీఎం పెట్టగానే నడవదు, దొంగతనం జరగకుండా అడ్డుకునే ఇమ్మొబిలైజర్ కోసం తాళం చెవులతో జత చేయించాలి. అంటే ‘ఒకసారి పెట్టి చూద్దాం’ అనే వీలు కూడా లేని పార్టు అది. అందుకే దాన్ని అన్నిటికంటే చివర పెట్టాలి.

కాయిల్ దోషమని తేలితే నాలుగూ మార్చాలా అని అడుగుతారు. నేనైతే పోయింది ఒకటే మారుస్తాను, మిగతా మూడింటి రబ్బర్లు చూసి గట్టిపడితే రబ్బర్లు మారుస్తాను. గుంతలో ఆయిల్ ఉంటే మాత్రం టాపెట్ కవర్ ప్యాకింగ్, సీళ్లు వేయకుండా కొత్త కాయిల్ పెట్టించుకోకండి, ఆరు నెలల్లో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. గుంత అడుగున ఉన్న ఆయిల్‌ని ప్లగ్గు విప్పక ముందే గుడ్డతో పీల్చి, గాలి కొట్టి శుభ్రం చేయాలి. లేకపోతే మురికంతా సిలిండర్‌లోకి దిగుతుంది. తీసిన పాత పార్టులు అడిగి తెచ్చుకోండి. మీ పాత ఆక్సిజన్ సెన్సర్ ఇంకా షెడ్డులో ఉంటే అది కూడా తెచ్చి దాచండి, అది బాగున్నదే అయ్యుండొచ్చు.

బాగుపడిందో లేదో ఊళ్లో తిప్పి తేల్చకండి. కోడ్లు చెరిపి, రెండు మూడు రోజులు మామూలుగా నడిపి, పెండింగ్ కోడ్ ఏదీ లేదని చూశాక, బాగా కాగిన బండితో, ఏసీ వేసి, మళ్లీ కోటప్పకొండ ఎక్కించండి. మధ్యలో వణుకు లేకుండా, లైటు వెలగకుండా పైకి చేరితే పని అయినట్టే. పైకి చేరింది గానీ ఎక్కువ ఆర్‌పీఎంలో ఊపిరాడనట్టు ఉన్నా, సైలెన్సర్‌లో గలగలమన్నా, తర్వాత కన్వర్టర్ సరిగ్గా పని చేయడం లేదని చెప్పే పీ0420 కోడ్ వచ్చినా, ఇన్నాళ్ల మిస్‌ఫైర్‌కి కన్వర్టర్ దెబ్బతిన్నదేమో చూడాలి. ముందు కాయిల్ తిప్పి చూసి, కోడ్ రెండో దగ్గరే ఉందా మూడుకి మారిందా అన్నది రాయండి. రెండో ప్లగ్గు, కాయిల్ రబ్బరు ఫొటో దగ్గరగా తీసి పెట్టండి, చూసి చెబుతాను.